ఎమిగ్రెంట్, ఇమిగ్రెంట్: ఓడ ఒకటే, మాటలు రెండు



పోయిన సంచిక తర్వాత ఒక చదువరి నుంచి ప్రశ్న వచ్చింది. ఆమె తన ముత్తాత గురించి పాత కాగితాలు వెతుకుతున్నారు. డర్బన్ కాగితంలో ఆయన 'ఇమిగ్రెంట్'. మద్రాసు కాగితంలో అదే ఓడ, అదే సంవత్సరం, కాని అక్కడ 'ఎమిగ్రెంట్'. "ఇది గుమాస్తా పొరపాటా? రెండింటిలో ఏది సరైనది?" అని ఆమె అడిగారు.

గుమాస్తా పొరపాటు ఏమీ లేదు. రెండూ సరైనవే. మనిషి ఒక్కడే, ప్రయాణం ఒక్కటే. రాసినవాడు ఏ రేవులో కూర్చుని రాశాడో చూడాలి. మద్రాసులో కూర్చున్నవాడు మనిషి వీపును చూశాడు. డర్బన్‌లో కూర్చున్నవాడు ముఖాన్ని చూశాడు. ఈ నెల పాఠం అంతా ఇదే. కాని దీని వెనక మన ఇళ్ళ చరిత్ర చాలా ఉంది, కనుక కొంచెం నిదానంగా చెబుతాను.

ముందు మాటల సంగతి. రెండూ లాటిన్ భాష నుంచి వచ్చాయి. 'మిగ్రారే' అంటే ఒక చోటు విడిచి ఇంకో చోటికి మారడం. దాని ముందు 'బయటికి' అనే అర్థం ఉన్న 'ఎక్స్' చేరి, అరిగిపోయి 'ఎ' అయింది. 'లోపలికి' అనే అర్థం ఉన్న 'ఇన్' చేరినప్పుడు, పక్కనున్న 'మ' వల్ల అది 'ఇమ్' అయింది. ఇది మనకు కొత్త కాదు. జగత్, నాథుడు అనే రెండు మాటలు కలిస్తే జగన్నాథుడు అవుతున్నాడు కదా! పక్క అక్షరం తన రంగు పూస్తుంది. అందుకే ఇంగ్లీషు స్పెల్లింగులో ఎమిగ్రెంట్‌కు ఒక ఎమ్, ఇమిగ్రెంట్‌కు రెండు ఎమ్‌లు. బడిలో నా పిల్లలకు ఒక చిన్న గుర్తు చెబుతాను. సినిమా హాల్లో తలుపు మీద వెలిగే 'ఎగ్జిట్' అన్న మాట 'ఈ' అక్షరంతో మొదలవుతుంది. ఎమిగ్రెంట్ కూడా అంతే. ఆ తలుపులోంచి బయటికి పోయేవాడు అతడు.

వాక్యంలో వాడేటప్పుడు 'ఎమిగ్రేట్' వెంట ఎక్కువగా 'ఫ్రమ్' వస్తుంది, 'ఇమిగ్రేట్' వెంట 'టు' వస్తుంది. తెలుగులో ఆ పని మన విభక్తులు చేస్తాయి: 'నుంచి', 'కి'. 'ఎమిగ్రేట్ టు ఆస్ట్రేలియా' అని కూడా అంటారు, అందులో తప్పు లేదు. కాని అలా అన్నప్పుడు కూడా మాట్లాడేవారి చూపు విడిచిపెట్టిన ఇంటి మీదే ఉంటుంది.

మరి తెలుగులో ఈ జంటకు రెండు వేరువేరు మాటలు ఉన్నాయా? వాడుకలో లేవు. 'వలస' అనే ఒక్క మాటే ఉంది. వలస కూలీ, వలస పక్షి, వలసదారు, అన్నిటికీ అదే. ఇంకో చిత్రం చూడండి. 'వలస రాజ్యం' అన్నా, 'వలస పాలన' అన్నా కూడా అదే మాట. కొలొనీకి తెలుగు మాట వలస రాజ్యం. అంటే ఓడ పైఅంతస్తులో వచ్చిన దొర పాలనకూ, కింది అంతస్తులో వచ్చిన మన ముత్తాత బతుకుకూ తెలుగు ఒక్క మాటనే వాడుతోంది. ఇంగ్లీషులో ఒకరు 'కొలొనిస్ట్', ఇంకొకరు 'కూలీ'. నాకు తెలుగు పద్ధతే నచ్చుతుంది.

మాట ఒక్కటే అయినా తెలుగు తేడా చూపించకుండా వదలదు. తేడా అంతా క్రియలో ఉంది. వలస వెళ్ళారు, వలస వచ్చారు. ఈ రెండు వాక్యాలు పక్కపక్కన చదవండి:

మా ముత్తాత విశాఖపట్నం జిల్లా నుంచి నేటాల్‌కి వలస వచ్చారు.
మా ముత్తాత తమ్ముడు ఊళ్ళోనే ఉన్నారు, అన్న మాత్రం నేటాల్‌కి వలస వెళ్ళారు.

మొదటి వాక్యం డర్బన్‌లో కూర్చుని చెప్పేది. రెండో వాక్యంలో 'అన్న వలస వెళ్ళారు' అన్నది ఆ తమ్ముడి ఇంటి గడపలో నిలబడి చెప్పేది. తెలుగులో క్రియ నోట్లోంచి రాగానే మీరు సముద్రానికి ఏ ఒడ్డున ఉన్నారో ఎదుటివారికి తెలిసిపోతుంది. ఇంగ్లీషులో 'మైగ్రెంట్' అనే మూడో మాట ఉంది. అది ఏ ఒడ్డూ చెప్పకుండా తప్పించుకుంటుంది. తెలుగులో అలా తప్పించుకోవడం కష్టం.

(ఇక్కడ చిన్న మాట. దేవాలయ తరగతుల్లో నాకు తాతగారి గురించి 'వచ్చారు' అనే చెప్పాలని నేర్పారు. ఇళ్ళల్లో చాలామంది ప్రేమగా 'మా తాత వచ్చాడు' అంటారు. రెండూ వినిపిస్తాయి. కొత్తగా నేర్చుకునేవారు 'వచ్చారు' అంటే ఎక్కడా ఇబ్బంది రాదు.)

ఇప్పుడు ఓడ దగ్గరికి వెళ్దాం. 'ట్రూరో' అనే ఓడ 1860 అక్టోబరులో మద్రాసు నుంచి బయలుదేరి, నవంబరు 16న డర్బన్ చేరింది. నేటాల్‌కు ఒప్పందం కూలీలను తెచ్చిన మొదటి ఓడ అదే. మధ్యలో కొన్నేళ్ళు ఆగినా, 1911 వరకు ఓడలు వస్తూనే ఉన్నాయి. మొత్తం 1,52,184 మంది. వాళ్ళలో మూడింట రెండు వంతుల మంది మద్రాసు మీదుగా వచ్చినవాళ్ళే. మన తెలుగువాళ్ళు వాళ్ళలోనే ఉన్నారు.

మద్రాసు రేవులో ఒక అధికారి ఉండేవాడు. ఆయన ఉద్యోగం పేరు 'ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్'. వెళ్ళేవారి రక్షకుడు అని అర్థం. వెళ్ళే మనిషి ఆరోగ్యంగా ఉన్నాడా, ఒప్పందం అర్థం చేసుకుని తన ఇష్టంతోనే వెళ్తున్నాడా అని చూడడం ఆయన పని. డర్బన్‌లో ఇంకో అధికారి. 1872 తర్వాత ఆయన ఉద్యోగం పేరు 'ప్రొటెక్టర్ ఆఫ్ ఇండియన్ ఇమిగ్రెంట్స్'. వచ్చినవారి రక్షకుడు. వచ్చినవారికి వరస సంఖ్యలు ఇచ్చి, ఏ తోటకు ఎవరు వెళ్ళారో రాసి, ఫిర్యాదులు వినడం ఆయన పని. ఇద్దరు రక్షకులు ఉన్నా మన వాళ్ళకు ఎంత రక్షణ దొరికిందో మీ ఇంట్లో కథలు విన్నవారికి తెలుసు. ఆ సంగతి వేరే నెల రాస్తాను.

రెండు ఆఫీసులూ ప్రతి ఏడాదీ నివేదికలు రాసేవి. మద్రాసు నివేదికలో ఎంతమంది వెళ్ళారో ఉంటుంది. డర్బన్ నివేదికలో ఎంతమంది వచ్చారో ఉంటుంది. ఒకే ఓడకు ఆ రెండు లెక్కలూ ఎప్పుడూ సమానంగా ఉండాలని లేదు. ఎందుకో ఆలోచించండి. దారిలో చనిపోయినవాళ్ళు ఉన్నారు. వాళ్ళు ఎమిగ్రెంట్లు అయ్యారు, ఇమిగ్రెంట్లు కాలేదు. మద్రాసు లెక్కలో పేరు ఉంటుంది, డర్బన్‌లో తోట పేరు ఉండదు. ఓడలోనే పుట్టిన పిల్లలు కూడా ఉన్నారు. వాళ్ళు ఏ దేశం నుంచీ బయలుదేరలేదు. కాని డర్బన్‌లో తల్లి చంకలో దిగి ఇమిగ్రెంట్లు అయ్యారు. ఈ రెండు మాటల తేడా చెప్పడానికి బడి పుస్తకాల్లో ఎన్నో ఉదాహరణలు ఉన్నాయి. నాకు మాత్రం సముద్రంలో పోయిన మనిషి, సముద్రంలో పుట్టిన బిడ్డ చాలు.

ఇందులో ఒక పనికివచ్చే సంగతి కూడా ఉంది. కాగితాలు వెతికేవారు ఏ ఒడ్డున వెతుకుతున్నారో చూసి మాట ఎంచుకోవాలి. డర్బన్ ఆర్కైవ్స్‌లో మన వాళ్ళ కాగితాలు 'ఇండియన్ ఇమిగ్రెంట్స్' అనే పేరు కింద ఉన్నాయి. చెన్నైలోనో లండన్‌లోనో పాత మద్రాసు ప్రభుత్వపు కాగితాలు చూసేవారు 'ఎమిగ్రేషన్' అని వెతకాలి. అక్కడ 'ఇమిగ్రెంట్' అని అడిగితే చేతికి ఏమీ రాకపోవచ్చు. నేటాల్ ఓడ జాబితాల్లో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద మచ్చలు ఉంటాయి. పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో గుమాస్తా తనకు వినిపించినట్టు రాసుకున్నాడు. అందుకే ఒకే పేరును నాలుగు రకాలుగా రాసి చూడండి. 'అప్పలస్వామి'లో రెండు 'ప'లు ఉంటాయని ఆయనకు ఎవరు చెప్తారు?

తెలుగులో మనుషులకు రెండు మాటలు లేకపోయినా సరుకులకు ఉన్నాయి: ఎగుమతి, దిగుమతి. 'ఎగు' అంటే పైకి. ఎగురు, ఎగువ అనే మాటల్లో ఉన్నది అదే. 'దిగు' అంటే కిందికి, దిగువ అన్నట్టు. ఓడలోకి ఎక్కించేది ఎగుమతి, ఓడలోంచి దించేది దిగుమతి. ఎక్స్‌పోర్ట్, ఇంపోర్ట్ అనే మాటలు కూడా ఎమిగ్రెంట్, ఇమిగ్రెంట్ కట్టిన పద్ధతిలోనే కట్టినవి. మన వాళ్ళు కూడా మద్రాసులో ఎక్కారు, డర్బన్‌లో దిగారు. బియ్యం బస్తాలు కూడా అంతే. తోటల యజమానులు కూలీల కోసం రాసే అర్జీలో ఎంతమంది కావాలో సంఖ్య వేస్తారు, సరుకు తెప్పించుకున్నట్టు. అందుకే ఈ మాటలు తరగతిలో చెప్పేటప్పుడు నాకు కొంచెం గొంతు పట్టుకుంటుంది. మనుషులకు మన భాష ఎగుమతి, దిగుమతి అనలేదు. వెళ్ళడం, రావడం అంది. వెళ్ళేదీ వచ్చేదీ కాళ్ళున్న మనిషి.

ఇప్పుడు ఈ ఇంగ్లీషు మాటలు మన ఇళ్ళ మీద చేసిన పని చూద్దాం.

ఇమిగ్రెంట్ అంటే వచ్చినవాడు. మరి ఇక్కడే పుట్టినవాడు? వాడు ఎక్కడి నుంచీ రాలేదు. మాట ప్రకారం వాడు ఇమిగ్రెంట్ కాకూడదు. కాని నేటాల్ చట్టం అలా చూడలేదు. 1895లో ఒక చట్టం వచ్చింది. ఒప్పందం పూర్తయిన కూలీ మళ్ళీ ఒప్పందం రాయాలి, లేదా ఇండియాకి తిరిగి వెళ్ళాలి, లేదా ఏడాదికి 3 పౌన్ల పన్ను కట్టాలి. మొదటి ఏడాది కూలీకి నెలకు 10 షిల్లింగుల జీతం. 3 పౌన్లు అంటే 60 షిల్లింగులు. అంటే ఆరు నెలల జీతం! 1903లో ఆ పన్నును వాళ్ళ పిల్లలకు కూడా పెట్టారు. మగపిల్లలకు 16 ఏళ్ళు, ఆడపిల్లలకు 13 ఏళ్ళు నిండితే కట్టాలి. ఇక్కడ పుట్టి, ఇక్కడి చెరుకు తోటలో పెరిగిన పదమూడేళ్ళ పిల్ల, తాను ఎక్కని ఓడకు పన్ను కట్టాలి. 1913 సమ్మెలో మన వాళ్ళు బొగ్గు గనుల్లోంచీ చెరుకు తోటల్లోంచీ బయటికి వచ్చారంటే దాని వెనక ఉన్నది ఈ 3 పౌన్లే. మరుసటి ఏడాది ఆ పన్ను పోయింది. అదే 1913లో వచ్చిన ఇంకో చట్టంలో 'ప్రొహిబిటెడ్ ఇమిగ్రెంట్' అనే మాట ఉంది. రానివ్వకూడని మనిషి అని అర్థం. దానితో కొత్తగా వచ్చే భారతీయులకు తలుపు దాదాపు మూసుకుపోయింది.

ఇంతకంటే వింత 1927లో జరిగింది. ఆ ఏడాది ఇండియా ప్రభుత్వం, దక్షిణాఫ్రికా ప్రభుత్వం కేప్ టౌన్ ఒప్పందం చేసుకున్నాయి. అంతకు ముందు భారతీయులను పంపించే పథకాన్ని 'రిపాట్రియేషన్' అనేవారు. తండ్రుల దేశానికి తిరిగి పంపడం అని దాని అర్థం. కాని అప్పటికే ఇక్కడి భారతీయుల్లో సగం మందికి పైగా ఇక్కడ పుట్టినవాళ్ళు. పుట్టిన దేశం నుంచి పంపుతూ 'తిరిగి పంపడం' అంటే ఎలా? అందుకని పేరు మార్చారు: 'అసిస్టెడ్ ఎమిగ్రేషన్'. సాయం చేసి వలస పంపడం. పెద్దవాళ్ళకు తలకు 20 పౌన్లు, పిల్లలకు 10 పౌన్లు, ఓడ చార్జీ ఉచితం. చూడండి, పన్ను వేసేటప్పుడు ఇక్కడ పుట్టినవాడు ఇమిగ్రెంట్. పంపించేటప్పుడు అదే మనిషి ఎమిగ్రెంట్. మధ్యలో ఒక్క రోజైనా 'ఇక్కడి మనిషి' అనే మాట వాడికి దొరకలేదు.

వెళ్ళినవాళ్ళ గురించి 1931లో ఒక నివేదిక అచ్చయింది. రాసినవారు భవానీ దయాళ్ సన్యాసి, బనారసీదాస్ చతుర్వేది. భవానీ దయాళ్ జొహన్నెస్‌బర్గ్‌లో పుట్టినవారు. ఆ నివేదిక పేరులోనే 'ఎమిగ్రెంట్స్' అనే మాట, 'రిపాట్రియేటెడ్' అనే మాట పక్కపక్కనే ఉన్నాయి. ఏ మాట సరిపోతుందో ఎవరికీ తేలలేదన్నమాట. అక్కడికి చేరినవాళ్ళలో చాలామంది పరిస్థితి దయనీయంగా ఉందని అందులో రాశారు. ఊరు తెలియదు, పని దొరకదు, కులం వాళ్ళు కలుపుకోరు. ఆ పిల్లలకు అది 'తిరిగి రావడం' ఎలా అవుతుంది? వాళ్ళు ఎన్నడూ అక్కడి నుంచి వెళ్ళలేదే!

ఇక్కడ మిగిలినవాళ్ళను దక్షిణాఫ్రికా ప్రభుత్వం ఈ దేశపు శాశ్వత జనాభాగా ఒప్పుకున్నది 1961లో. ట్రూరో వచ్చి అప్పటికి 101 ఏళ్ళు. ఆ ఏడాదికి ముందు పుట్టిన పెద్దవాళ్ళు మన మధ్య ఇంకా ఉన్నారు. వాళ్ళను అడిగి చూడండి.

మారిషస్‌లో ఉన్న మన బంధువుల సంగతి కొంచెం. అక్కడ తెలుగువాళ్ళకు పాత పేరు 'కోరంగీలు'. కాకినాడ దగ్గర కోరంగి రేవు ఉంది. అక్కడ ఓడ ఎక్కి వచ్చినవాళ్ళు కనుక ఆ పేరు. అంటే దిగిన దేశంలో, ఎక్కిన రేవు పేరుతో పిలిచారు. పోర్ట్ లూయిస్‌లో కూలీలు దిగిన చోటు పేరు ఆప్రవాసి ఘాట్. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఈ పేరు చూడండి. 'ప్రవాసి' అంటే ఇల్లు విడిచి దూరాన ఉండేవాడు, మనకు తెలుసు. ముందు 'ఆ' చేరితే 'ఇటువైపు వచ్చినవాడు'. ఆగమనం అన్నప్పుడు ఉన్న 'ఆ' అదే. హిందీలో ఆప్రవాసి అంటే ఇమిగ్రెంట్. దానికి జంట 'ఉత్ప్రవాసి', అంటే ఎమిగ్రెంట్. తెలుగు పత్రికలు ఈ జంటను తీసుకోలేదు. అవి 'వలసదారు' అంటాయి, లేకపోతే ఇమిగ్రేషన్ అని తెలుగు లిపిలో రాసేస్తాయి. నేను కూడా మిమ్మల్ని ఉత్ప్రవాసి అనమని చెప్పను. తాతగారి పేరు పక్కన ఆ మాట పెడితే ఆయనే బెదిరిపోతారు.

మద్రాసు రేవులో ఉన్న ఆ ఉద్యోగం పేరు ఇంకా పోలేదు. ఇండియాలో 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ ఆఫీసులు నేటికీ పని చేస్తున్నాయి. హైదరాబాదులో ఒకటి ఉంది. పదో తరగతి దాటని మనిషి తెలంగాణ నుంచో, కడప నుంచో, గోదావరి జిల్లాల నుంచో గల్ఫ్ దేశాలకు కూలి పనికి వెళ్ళాలంటే ఆ ఆఫీసు అనుమతి కావాలి. దుబాయిలో, కువైట్‌లో దిగినప్పుడు మాత్రం వాళ్ళను ఇమిగ్రెంట్లు అని కూడా పిలవరు. అక్కడ వాళ్ళు ఒప్పందం ఉన్నంతవరకు ఉండే పనివాళ్ళే. ఇంట్లోవాళ్ళకు వాళ్ళు 'దుబాయి పోయినోళ్ళు'.

'పోవు' అనే క్రియ గురించి నేర్చుకునేవారికి ఒక జాగ్రత్త చెప్పాలి. 'వలస పోయారు' అంటే వలస వెళ్ళారు. 'దుబాయి పోయాడు' అన్నా ఫరవాలేదు. కాని ఏమీ చేర్చకుండా 'ఆయన పోయారు' అంటే చనిపోయారని అర్థం. 'మా ముత్తాత 1889లో పోయారు' అని రాస్తే, ఆయన ఆ ఏడాది ఓడ ఎక్కారని ఎవరూ అనుకోరు. కర్మ ఎప్పుడు చేశారని అడుగుతారు. ఊళ్ళో మిగిలిన తల్లికి మాత్రం ఈ రెండు అర్థాల మధ్య ఎంత తేడా ఉండేదో నేను చెప్పలేను. ఉత్తరం రాయడం రాని కొడుకు, ఉత్తరం చదవడం రాని తల్లి.

అందుకే మన ఇళ్ళల్లో బయటికి వెళ్ళేటప్పుడు 'పోతాను' అననివ్వరు. 'వెళ్తాను' అన్నా కొందరు అవ్వలకు నచ్చదు. 'వెళ్ళొస్తాను' అనాలి. వెళ్ళి, వస్తాను. ఈ ఒక్క మాటలో రెండు క్రియలూ ఉన్నాయి. ఇంగ్లీషులో దీనికి సరిపడే మాట నాకు దొరకలేదు. 'గుడ్‌బై'లో తిరిగి వస్తాననే మాట లేదు. మద్రాసు వైపు నడిచినవాళ్ళు గడప దాటేటప్పుడు 'వెళ్ళొస్తాను' అనే అని ఉంటారు. ఎవరికీ చెప్పకుండా వెళ్ళినవాళ్ళు కూడా ఉన్నారు. నిజంగానే తిరిగి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. మనం, అంటే ఈ పత్రిక చదువుతున్నవాళ్ళం, ఆ మాట నిలబెట్టుకోలేనివాళ్ళ పిల్లలం.

ఇండియా ప్రభుత్వం ప్రవాసీ భారతీయ దినం జనవరి 9న జరుపుతుంది. 1915లో గాంధీగారు దక్షిణాఫ్రికా జీవితం ముగించుకుని బొంబాయిలో దిగిన రోజు అది. మనం నవంబరు 16 జరుపుకుంటాం, ట్రూరో డర్బన్ చేరిన రోజు. మారిషస్ వాళ్ళకు నవంబరు 2, ఫిజీ వాళ్ళకు మే 14. అన్నీ చేరిన రోజులే. ఇండియా వాళ్ళకు ఒకరు తిరిగి వచ్చిన రోజు పండుగ, మనకు మన వాళ్ళు వచ్చిన రోజు పండుగ. ఓడ మద్రాసు విడిచిన రోజును ఎవరూ జరుపుకోరు. రేవులో నిలబడి చూసినవాళ్ళు ఎవరైనా ఉంటే, వాళ్ళ దృష్టిలో ఆ రోజు ఏమిటో ఎవరూ రాసిపెట్టలేదు.

ఇంటి మాటల్లోకి వద్దాం. డర్బన్‌లో ఇప్పుడు 'ఎమిగ్రేట్' అనే మాట ఎక్కడ వినిపిస్తోంది? పెళ్ళిళ్ళలో, ఉగాది భోజనాల్లో. "మా అబ్బాయి ఎమిగ్రేట్ అవుతున్నాడు, పెర్త్‌కి." "మా కోడలికి లండన్‌లో ఉద్యోగం వచ్చింది, వాళ్ళు ఎమిగ్రేట్ అవుతున్నారు." ఆ తల్లి డర్బన్‌లో నిలబడి, వీపు చూస్తోంది. పెర్త్‌లో అదే అబ్బాయిని ఇమిగ్రెంట్ అంటారు. 1860లో మద్రాసులో కూర్చున్న గుమాస్తా ఏ మాట రాశాడో, అదే మాట ఇప్పుడు మన నోటి నుంచి మన పిల్లల గురించి వస్తోంది. ఆ తల్లి తెలుగులో చెప్పాలంటే 'వెళ్తున్నాడు' అనాలి. 'వస్తున్నాడు' అనే భాగ్యం పెర్త్‌లో ఉన్నవాళ్ళది.

ఇంకో మాట కూడా చెప్పకుండా ఉండలేను. ఇదే భోజనాల బల్ల దగ్గర, జింబాబ్వే నుంచీ మలావీ నుంచీ పని కోసం వచ్చినవాళ్ళ గురించి మన వాళ్ళు 'ఈ ఇమిగ్రెంట్స్ వల్లే' అని మొదలుపెట్టడం విన్నాను. 2008లో, 2015లో ఈ దేశంలో అలాంటివాళ్ళ ఇళ్ళ మీద, దుకాణాల మీద దాడులు జరిగాయి. భాష టీచరుగా నేను అడిగేది చిన్న పని. ఆ వాక్యం మొదలుపెట్టే ముందు మీ ముత్తాత కాగితం మీద ఏ మాట ఉందో ఒకసారి చూడండి. ఆ తర్వాత మీ ఇష్టం.

ఈ మధ్య జొహన్నెస్‌బర్గ్‌కు, డర్బన్‌కు హైదరాబాదు నుంచి కంప్యూటరు ఉద్యోగాల మీద తెలుగువాళ్ళు వస్తున్నారు. గుడిలో కలిసినప్పుడు వాళ్ళు మిమ్మల్ని తప్పకుండా అడుగుతారు: "మీరు ఇండియా నుంచి ఎప్పుడు వచ్చారండీ?" చాలామంది మన పిల్లలు ఇక్కడ తడబడి ఇంగ్లీషులోకి పోతారు. తడబడనక్కర్లేదు. ఇలా చెప్పండి:

"నేను రాలేదండీ, ఇక్కడే పుట్టాను. మా అమ్మా నాన్నా కూడా ఇక్కడే పుట్టారు. మా ముత్తాతగారు వచ్చారు."

మూడు వాక్యాలే. అందులో 'పుట్టాను' అనే క్రియకు వెళ్ళడం, రావడం రెండూ అక్కర్లేదు. వాళ్ళు "అయితే మీ ముత్తాతగారు ఏ ఊరి నుంచి వెళ్ళారు?" అని అడుగుతారు. గమనించండి, వాళ్ళ నోట అది 'వెళ్ళారు' అవుతుంది. వాళ్ళ మనసు ఇంకా అక్కడే ఉంది. మీరు "శ్రీకాకుళం వైపు నుంచి వచ్చారట" అనండి. ఒకరు 'వెళ్ళారు' అని, ఇంకొకరు 'వచ్చారు' అని, ఒకే మనిషి గురించి మాట్లాడుకోవచ్చు. ఎవరూ ఎవరినీ దిద్దనక్కర్లేదు.

ఈ నెల ఇంటి పని. మీ ఇంట్లో మొదట ఓడ దిగిన మనిషి గురించి ఐదు వాక్యాలు రాయండి. పేరు, ఊరు, ఓడ, సంవత్సరం, తోట, ఏవి తెలిస్తే అవి. మొదట మీరు చెబుతున్నట్టు రాయండి, క్రియ 'వచ్చారు'. తర్వాత అవే ఐదు వాక్యాలను, ఊళ్ళో మిగిలిపోయిన అక్కో తమ్ముడో చెబుతున్నట్టు రాయండి, క్రియ 'వెళ్ళాడు' లేదా 'వెళ్ళింది'. తమ్ముణ్ణి అక్క 'వెళ్ళారు' అనదు కదా! రెండోసారి రాసేటప్పుడు కొన్ని వాక్యాలు అసలు రాయలేరు. తోట పేరు ఆ అక్కకు తెలియదు. ఓడ పేరు కూడా తెలియకపోవచ్చు. తెలియని చోట ఖాళీ వదిలేయండి. తరగతికి వచ్చేటప్పుడు రెండు కాగితాలూ తీసుకురండి.

వచ్చే సంచికలో 'హౌస్', 'హోమ్'. ఇల్లు, ఇల్లే అనుకుంటున్నారేమో, చూద్దాం.